హైదరాబాద్: నేల చట్టాలు, నగర ప్రయాణం, వాతావరణం

ఏ జాగాలో ఏమి కట్టవచ్చు, ఎంత ఎత్తు లేపవచ్చు, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, బండ్లు ఎక్కడ పెట్టాలి అని చెప్పే నిబంధనలన్నిటినీ కలిపి భూ వినియోగ చట్టం అంటారు. ప్రభుత్వ ఫైళ్లలో ఇది పురపాలక శాఖ వ్యవహారం. బస్సులు, రైళ్లు వేరే శాఖలవి. చెట్లు, గాలి ఇంకో శాఖవి. నగరంలో బతికే మనిషికి మాత్రం ఈ మూడూ ఒకటే. ఇల్లు ఎక్కడ కట్టనిస్తారో, ఆఫీసు ఎక్కడ కట్టనిస్తారో తేలగానే రోజూ ఎన్ని కిలోమీటర్లు తిరగాలో తేలిపోతుంది. ఎన్ని లీటర్ల పెట్రోలు కాలుతుందో కూడా దాదాపు అప్పుడే తేలిపోతుంది. హైదరాబాద్ ఎదిగిన తీరును ఈ కోణంలో చూస్తే, ఈ నగర ప్రయాణాన్ని రవాణా శాఖ కంటే పురపాలక శాఖ జీవోలే ఎక్కువగా నిర్ణయించాయని తెలుస్తుంది.

వరదతో మొదలు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఎగువన నీటిని ఆపే జలాశయాలు కట్టాలన్న ఆయన సలహా ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. నగరంలో ఇరుకు బస్తీలను సరిచేసి, రోడ్లు వెడల్పు చేసి, ఇళ్లు కట్టించేందుకు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. హైదరాబాద్‌లో నగర ప్రణాళిక పుట్టిందే నీటి భయంతో. ఆ భయం తగ్గినప్పుడల్లా ప్రణాళిక కూడా సడలుతూ వచ్చింది.

1932లో నిజాం రాష్ట్ర రైల్వే తన కింద ఒక రోడ్డు రవాణా విభాగాన్ని పెట్టి 27 బస్సులతో సర్వీసులు మొదలుపెట్టింది. నేటి ఆర్టీసీకి మూలం అదే. గమనించాల్సింది ఏమంటే అప్పట్లో రైలూ, బస్సూ ఒకే సంస్థ చేతిలో ఉండేవి. తర్వాత విడిపోయాయి. వాటిని మళ్లీ ఒక గొడుగు కిందికి తెచ్చే ప్రయత్నంగా 2008లో ఏకీకృత మహానగర రవాణా సంస్థ అంటూ ‘ఉమ్టా’ను పెట్టారు. కాగితం మీద చూస్తే ఇది మంచి ఆలోచనే. కానీ ఆచరణలో టికెట్టు నుంచి టైంటేబుల్ దాకా ఆర్టీసీ, మెట్రో, ఎంఎంటీఎస్ ఎవరి దారి వారిదిగానే నడుస్తూ వచ్చాయి.

1975 చట్టం, వెయ్యి మీటర్ల పరిమితి

స్వాతంత్ర్యం తర్వాత ఈ రంగంలో పెద్ద మలుపు ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం, 1975. దాని కిందే నగరాభివృద్ధి సంస్థ హుడా ఏర్పడింది, మాస్టర్ ప్లాన్ వచ్చింది. నివాస, వాణిజ్య, పారిశ్రామిక, హరిత మండలాలుగా నేలను రంగులు పూసి విభజించడం అప్పుడే స్థిరపడింది. మరుసటి ఏడాది కేంద్రం తెచ్చిన పట్టణ భూ గరిష్ఠ పరిమితి చట్టం హైదరాబాద్‌లో ఒక వ్యక్తి వెయ్యి చదరపు మీటర్లకు మించి ఖాళీ జాగా ఉంచుకోరాదంది. ఉద్దేశం పేదలకు జాగా దొరకాలని. జరిగింది వేరు: పెద్ద భూములు లావాదేవీల్లేక ఇరుక్కుపోయాయి, నగరం వాటిని దాటుకుని బయటి గ్రామాల్లోకి పాకింది. కేంద్రం 1999లోనే ఈ చట్టాన్ని రద్దు చేసినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008 దాకా కొనసాగించింది.

2007లో చుట్టుపక్కల పురపాలక సంఘాలను కలిపి సుమారు 650 చదరపు కిలోమీటర్ల గ్రేటర్ కార్పొరేషన్ ఏర్పడింది. 2008లో హుడా స్థానంలో 7 వేల చదరపు కిలోమీటర్లు దాటిన పరిధితో మహానగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వచ్చింది. 2031 లక్ష్యంగా గీసిన మహానగర ప్రణాళికను 2013 జనవరిలో నోటిఫై చేశారు. అందులో వ్యవసాయ పరిరక్షణ మండలం అంటూ ఆకుపచ్చ రంగు చాలానే ఉంది. కానీ ఊరి చివర పొలం కొన్నవాడికి రంగు ముఖ్యం కాదు. దాన్ని మార్చుకునే దారి ముఖ్యం. ఆ దారి పేరు సీఎల్‌యూ, అంటే భూ వినియోగ మార్పిడి. రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో ‘కన్వర్షన్ అయిపోతది సార్’ అనే మాట మాస్టర్ ప్లాన్ కంటే ఎక్కువ వినిపిస్తుంది.

జీవో 111

హైదరాబాద్‌లో రిక్షా తొక్కేవాడి నుంచి మంత్రి దాకా అందరికీ తెలిసిన ప్రభుత్వ ఉత్తర్వు ఏదన్నా ఉంటే అది 1996 మార్చి 8న వచ్చిన జీవో 111. జంట జలాశయాల పూర్తి నీటి మట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాలకు, సుమారు 1.32 లక్షల ఎకరాలకు అది వర్తించింది. చదరపు కిలోమీటర్లలో చెప్పుకుంటే 530కి పైనే. 2007 నాటి గ్రేటర్ కార్పొరేషన్ మొత్తం విస్తీర్ణానికి ఎంతో తక్కువ కాదు. కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు పెట్టకూడదు. పరీవాహక ప్రాంతంలో 90 శాతం నేలను వ్యవసాయానికి, విహారానికి మాత్రమే ఉంచాలి. కట్టుకోనిచ్చిన చోట కూడా ప్లాటు వైశాల్యంలో సగానికి మించి కట్టకూడదు.

దీని బలాన్ని పరీక్షించింది ఒక నూనె ఫ్యాక్టరీ. శంషాబాద్ దగ్గర పెద్దషాపూర్‌లో, నిషిద్ధ పరిధిలోనే, ఆ ఫ్యాక్టరీకి మినహాయింపు ఇచ్చారు. వివాదం సుప్రీంకోర్టుకెక్కింది. ఏపీ కాలుష్య నియంత్రణ మండలి, ఎం.వి. నాయుడు మధ్య నడిచిన ఆ కేసులో 1999, 2000 సంవత్సరాల్లో వచ్చిన తీర్పులు దేశ పర్యావరణ న్యాయశాస్త్రంలో పాఠాలయ్యాయి. హాని జరిగాక చూసుకుందాం అనడం కుదరదని, హాని జరగదని నిరూపించే బాధ్యత ఫ్యాక్టరీ పెట్టేవాడిదేనని కోర్టు చెప్పింది. తాగునీటి జలాశయం పక్కన అలాంటి మినహాయింపు చెల్లదంది.

జీవో 111 మంచిచెడ్డల మీద ఇప్పటికీ వాదన ఉంది. ఆ గ్రామాల రైతుల ఫిర్యాదు తేలిగ్గా కొట్టిపారేసేది కాదు: రోడ్డుకు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే ఇవతల వాళ్లు కూతురి పెళ్లికి అమ్ముకుందామన్నా ధర రాలేదు. నగరం తాగే నీళ్ల కోసం 84 ఊళ్లు నష్టపోవాలా అన్నది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పరిహారం ఇవ్వడమో, అభివృద్ధి హక్కులను బదిలీ చేసుకోనిచ్చే టీడీఆర్ పత్రాలు ఇవ్వడమో కావాలి. ప్రభుత్వం ఎంచుకున్న దారి వేరు. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు సడలించింది. 2023 మేలో పూర్తిగా ఎత్తివేయాలని మంత్రివర్గం నిర్ణయించింది. నగరం ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లు తాగుతోంది కదా అన్నది వాదన. జలాశయాలు కట్టింది ముందుగా వరదను ఆపడానికన్న సంగతి ఆ వాదనలో మరుగున పడింది.

ఎత్తుకు హద్దు లేని నగరం

చాలా భారతీయ నగరాల్లో ఎఫ్‌ఎస్‌ఐ అనే లెక్క ఉంటుంది. వంద గజాల జాగాలో అన్ని అంతస్తులూ కలిపి ఎన్ని గజాలు కట్టవచ్చో చెప్పే నిష్పత్తి అది. హైదరాబాద్ 2006 మార్చిలో జీవో 86తో ఆ పరిమితిని తీసేసింది. 2012 నాటి జీవో 168 కూడా అదే పద్ధతిని కొనసాగించింది. అప్పటినుంచి భవనం ఎత్తును నిర్ణయించేవి రెండే: ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలగలిగిన ఖాళీ. రోడ్డు 100 అడుగులుంటే, ప్లాటు పెద్దదైతే, అగ్నిమాపక శాఖ, విమానాశ్రయ అనుమతులుంటే ఆకాశమే హద్దు.

ఈ నియమంలో దాగి ఉన్న తర్కాన్ని కాస్త విప్పి చూడాలి. రోడ్డు వెడల్పును బట్టి ఎత్తు ఇవ్వడమంటే, ఎక్కువ కార్లు పట్టే చోట ఎక్కువ మందిని ఉంచడం. ఆ రోడ్డు మీద బస్సు వస్తుందా, నడిచే దూరంలో స్టేషన్ ఉందా అన్న ప్రశ్న ఈ లెక్కలో రాదు. పైగా నిర్మాణ వైశాల్యంలో ఇంత శాతం పార్కింగ్‌కు ఇచ్చి తీరాలన్న నిబంధన ఉంది. అపార్టుమెంటు ప్లాను గీసే ఇంజనీరు బల్ల దగ్గర కాసేపు కూర్చుంటే దీని మహిమ తెలుస్తుంది. ఆయన మొదట గీసేది వంటిల్లు కాదు, హాలు కాదు. కింద స్టిల్ట్‌లో కార్ల గళ్లు. రెండు పిల్లర్ల మధ్య ఎన్ని కార్లు దూరతాయో చూసి పిల్లర్లు పెడతారు. వెనక్కి తిరిగే జాగా సరిపోకపోతే మెట్లను మూలకు జరుపుతారు. ఆ పిల్లర్లు పైకి లేచి, మూడో అంతస్తులో పడకగది గోడ ఎక్కడ రావాలో నిర్ణయిస్తాయి. ఇల్లు కారు చుట్టూ అల్లుకుంటుంది. కారు లేనివాడు కూడా ఆ గడి ఖర్చు ఫ్లాటు ధరలో కట్టుకుంటాడు. కొన్నాక ఎలాగూ గడి ఉంది కదా అని కారూ కొంటాడు.

ఎత్తు వేరు, దగ్గరతనం వేరు. వాతావరణానికి మేలు చేసేది రెండోది. అమీర్‌పేటను చూడండి. అక్కడ గొప్ప టవర్లేమీ లేవు. మూడు నాలుగు అంతస్తుల మేడలు, పైన హాస్టళ్లు, మధ్యలో కోచింగ్ సెంటర్లు, కింద టిఫిన్ సెంటరు, జిరాక్సు షాపు. అనంతపురం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చిన కుర్రాడు ఏడాదిపాటు ఆ ఐదారు వీధుల్లో నడిచే బతికేస్తాడు. మాస్టర్ ప్లాన్ పండితులు మిశ్రమ వినియోగం అని పిలిచేది ఇదే. ఎవరూ ప్రణాళిక వేయకుండానే ఏర్పడింది. ఇంకో కొసన యాభై అంతస్తుల టవరులో ఉండేవాడు పాల ప్యాకెట్టు కోసం లిఫ్టు దిగి, బేస్‌మెంటులోంచి బండి తీసి, గేటు దాటి, యూటర్న్ కొట్టాలి.

ఔటర్

158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు హైదరాబాద్ నేల మీద పడ్డ అతి పెద్ద గీత. గచ్చిబౌలి, శంషాబాద్‌ల మధ్య తొలి భాగం 2008లో తెరుచుకుంది, చివరి ముక్క 2018లో పూర్తయింది. ఎనిమిది వరుసల ఈ రోడ్డుకు అటూ ఇటూ కిలోమీటరు చొప్పున గ్రోత్ కారిడార్‌గా ప్రకటించి ప్రత్యేక నియమాలు పెట్టారు. ప్రణాళికలో భవిష్యత్తు రైలు కోసం 25 మీటర్ల పట్టీ వదిలారు. రైలు మాత్రం రాలేదు. నగరంలో ఎక్కువమంది నడిపే ద్విచక్ర వాహనానికి ఔటర్ ప్రధాన రహదారి మీద ప్రవేశమే లేదు. నగర ఎదుగుదలను మలిచిన రోడ్డు, నగరంలో ఎక్కువమంది వాడే బండికి మూసి ఉంది.

ఔటర్ పక్కన 2023 అక్టోబరులో సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. కప్పు మీద 16 మెగావాట్ల విద్యుత్తు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఆదివారం పొద్దున హెల్మెట్లు పెట్టుకుని కుటుంబాలు వస్తాయి. కానీ రోజూ సైకిల్ మీద పనికెళ్లే మనిషి బాలానగర్, జీడిమెట్ల వైపు లారీల మధ్య తొక్కుతున్నాడు. ఔటర్ వెంట పెంచిన పచ్చదనానికి 2022లో ప్రపంచ హరిత నగర పురస్కారం కూడా వచ్చింది. చెట్లకు వచ్చిన బహుమతిని తప్పు పట్టనక్కర్లేదు.

హద్దులేని ఎత్తు, ఔటర్ కలిస్తే ఏమవుతుందో కోకాపేట చెబుతుంది. 2023 ఆగస్టులో అక్కడి నియోపొలిస్ ప్రభుత్వ భూముల వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. అప్పటికి అక్కడికి మెట్రో లేదు. అంత పెట్టి కొన్నవాడు ఎంత ఎత్తు కట్టగలిగితే అంతా కడతాడు. నీళ్లు, డ్రైనేజీ, రోడ్డు ఆ తర్వాతి సంగతి. ప్రభుత్వమే భూమి అమ్ముకుని ఖజానా నింపుకునే చోట, నేల ధర తగ్గించే ప్రణాళిక వేయమని అదే ప్రభుత్వాన్ని అడగడం కష్టం. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు నరుకుతుంటే సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవాల్సి వచ్చిందంటే మూలం ఇక్కడే ఉంది.

రైలు వచ్చాక

లింగంపల్లి వైపు పాత పట్టాల మీదే లోకల్ రైళ్లు నడిపే ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. మెట్రో 2017 నవంబరులో వచ్చి, 2020 ఫిబ్రవరి నాటికి మూడు కారిడార్లలో 69 కిలోమీటర్లకు చేరింది. 2023 జులైలో ఒకరోజు ప్రయాణికుల సంఖ్య 5 లక్షలు దాటింది. పాతబస్తీలో ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన భాగం తొలి దశలో కట్టనే లేదు.

మెట్రోను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టారు. టికెట్ల డబ్బుతో గిట్టుబాటు కాదని ముందే తెలుసు కాబట్టి కట్టిన కంపెనీకి స్టేషన్ల దగ్గర 1.85 కోట్ల చదరపు అడుగుల రియల్ ఎస్టేట్ హక్కు ఇచ్చారు. రైలు వల్ల పెరిగే నేల విలువను రైలుకే ఖర్చు పెట్టడం సిద్ధాంతంగా సరైనదే. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ లేచాయి. కానీ పెరిగిన విలువలో పెద్ద వాటా చుట్టుపక్కల ప్లాట్ల యజమానులకు పోయింది. దాన్ని పట్టుకునే పన్ను ఏదీ సమర్థంగా పని చేయలేదు. అప్పుల భారంతో కంపెనీ తప్పుకోవాలనుకుంది, 2025 సెప్టెంబరులో ప్రభుత్వం తొలి దశను తీసుకునేందుకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

నేల నియమాన్ని రవాణా మార్గానికి కట్టేసిన చోట్లు లోకంలో ఉన్నాయి. బ్రెజిల్‌లోని కురిటిబా 1966 ప్రణాళికతో ఐదు దారుల వెంటే ఎత్తైన భవనాలు కట్టనిచ్చి, 1974 నుంచి ఆ దారుల మధ్యలోనే ఎక్స్‌ప్రెస్ బస్సులు నడిపింది. ముందు గీత గీసి, గీత మీద బస్సు పెట్టి, బస్సు పక్కన ఎత్తు ఇచ్చింది. అహ్మదాబాద్ 2009లో జనమార్గ్ బస్సులు తెచ్చాక ఆ మార్గానికి రెండువైపులా 200 మీటర్లలో ఎఫ్‌ఎస్‌ఐని 4 దాకా పెంచింది. కాలిఫోర్నియా 2008లో ప్రాంతీయ రవాణా ప్రణాళికలను వాహన ఉద్గారాల తగ్గింపు లక్ష్యాలతో ముడిపెట్టింది. 2022 చట్టంతో ముఖ్యమైన రైలు, బస్సు స్టేషన్లకు అరమైలు లోపు కట్టే భవనాలకు కనీస పార్కింగ్ నిబంధన ఎత్తేసింది. ఫ్రీమాంట్, సన్నీవేల్‌లలో స్థిరపడ్డ తెలుగువాళ్లు రోజూ చూస్తున్న మార్పిది. మన దగ్గర అదే తరహా మాటలు 2017 నాటి కేంద్ర రవాణా ఆధారిత అభివృద్ధి విధానంలో ఉన్నాయి. అది విధానం మాత్రమే, భవన నియమం కాదు.

నీరు, ఎండ, ఎల్‌ఆర్‌ఎస్

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో ఘట్‌కేసర్ ప్రాంతంలో ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. మునిగిన కాలనీల్లో చాలా వాటి కింద ఒకప్పుడు చెరువు శిఖమో, నాలా దారో ఉంది. చెరువుల రక్షణకు 2002 నాటి వాల్టా చట్టం ఉంది, పూర్తి నీటి మట్టం చూపే ఎఫ్‌టీఎల్ గీతలున్నాయి, బఫర్ జోన్లున్నాయి. 2024లో చెరువు ఆక్రమణలు కూల్చేందుకు వచ్చిన హైడ్రా సంస్థ బుల్‌డోజర్లతో ఆ గీతలు మొదటిసారి సామాన్యుడి ఇంటి మాటయ్యాయి.

మరో వైపు అనుమతి లేని లేఅవుట్లను రుసుము కట్టించుకుని క్రమబద్ధీకరించే ఎల్‌ఆర్‌ఎస్ వస్తూనే ఉంది. 2008లో, 2015లో, 2020లో. చివరిసారి రాష్ట్రం మొత్తం మీద 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంతమంది నియమం తప్పారంటే తప్పంతా కొన్నవాళ్లదే అనలేం. నియమబద్ధంగా కట్టుకునేందుకు అందుబాటు ధరలో జాగా చూపించకపోవడం వ్యవస్థ లోపం. దీనికి రవాణా కోణం కూడా ఉంది: వెంచర్ వేసినవాడు తన ప్లాట్ల మధ్య రోడ్డు చూసుకున్నాడు, పక్క వెంచర్‌తో కలపలేదు. ఒక కాలనీ నుంచి వెనక కాలనీకి గోడ దూకితే అడుగు దూరం, బండి మీద కిలోమీటరున్నర. అలాంటి చోటికి బస్సు వెళ్లినా తిరిగే మలుపు ఉండదు.

ఎండ సంగతి సూటిగా పట్టించుకున్న నియమం 2023 ఏప్రిల్‌లో వచ్చిన తెలంగాణ కూల్ రూఫ్ విధానం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ, 600 గజాలు దాటిన ఇళ్లకూ వేడిని తిప్పికొట్టే కప్పు తప్పనిసరి చేసింది. ఖర్చు తక్కువ, ఫలితం ఆ ఎండాకాలమే కనిపిస్తుంది. మిగతా పెద్ద మాటల కంటే ఇది నయం.

బస్సు

నగరంలో తక్కువ ఇంధనంతో ఎక్కువమందిని మోసేది ఆర్టీసీ బస్సే. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్టు తీసుకుని ప్రయాణిస్తున్నారు. కండక్టరు మిషన్‌లోంచి వచ్చే ఆ సున్నా రూపాయల చీటీ వల్ల ఎన్ని ఇళ్లలో పనిమనుషులు, ఎంతమంది బట్టల షాపుల అమ్మాయిలు దూరం పోయి ఎక్కువ జీతం చూసుకున్నారో కాలనీల్లో అడిగితే చెబుతారు. కేంద్ర పథకం కింద హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించారు. ప్రైవేటు విద్యుత్ వాహనాలు కొన్నవారికి రోడ్డు పన్ను మినహాయింపు కూడా ఇచ్చారు. పొగ తగ్గుతుంది, సందేహం లేదు. కానీ కరెంటు కారు కూడా అంతే రోడ్డు ఆక్రమిస్తుంది, స్టిల్ట్‌లో అంతే గడి అడుగుతుంది. ప్రయాణ దూరం ఏ బ్యాటరీతోనూ తగ్గదు.

ఈ మధ్య మరో మూడు గీతలు పడుతున్నాయి: సుమారు 340 కిలోమీటర్ల రీజినల్ రింగు రోడ్డు, ముచ్చర్ల వైపు 56 గ్రామాలతో ఫ్యూచర్ సిటీ, 76 కిలోమీటర్ల మెట్రో రెండో దశ తొలి భాగం. మొదటి రెండూ నగరాన్ని బయటికి లాగుతాయి. మూడోదాన్లో కోకాపేటకు వెళ్లే మార్గం కూడా ఉంది, అంటే ఎత్తు లేచాక రైలు బయల్దేరుతోంది.

హెచ్‌ఎండీఏ ఇప్పుడు 2050 మాస్టర్ ప్లాన్ తయారీలో ఉంది. చట్టం ప్రకారం ముసాయిదాను జనం ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకోవాలి. ఆ రోజు మన సర్వే నంబరుకు ఏ రంగు పడిందో అందరం వెతుక్కుంటాం, అది సహజమే. వెతుక్కున్నాక ఇంకొక్క నిమిషం ఆగి, ఆ రంగు నుంచి దగ్గరి బస్టాపుకు నడిచిపోయే దారి మ్యాపులో ఉందో లేదో కూడా చూడండి. లేకపోతే అభ్యంతరం రాయడానికి తెల్ల కాగితం చాలు.